టేబుల్ కింద చిన్న అక్షరాలు

ఏటండీ కూర్మారావు గారూ, అంతమంది ముందర నన్ను పట్టుకుని దిదీ అనీసారేటి? పెల్లిసూపులకొచ్చిన పెల్లికొడుకు కాఫీ కప్పు అందుకుంటూ "థాంక్యూ దిదీ" అంటాడా! ఓలమ్మో! మీ అమ్మగారి మొకం సూసారా? ఆవిడ జంతిక కొరకబోయి అలగే ఉండిపోనారు.

తప్పు మీదొక్కరిదే కాదులెండి. ఈ బరంపురంలో పాఠం సెప్పే ఆడమనిషి ఎవరైనా దిదీయే. మీసాలు నెరిసిపోయి ఆఖరి ఛాన్సుకి ఉద్యోగం పరీక్షల కోచింగుకొచ్చినోలు కూడా నన్ను దిదీ అనే పిలుస్తారు. ఒడియా మర్యాద అది, బాగానే ఉంటాది. కానీ తెలుగోలింట పెల్లిసూపుల్లో అక్కా అని పిలిస్తే ఎలగండీ? మా నాన్న పైకి నవ్వీసాడు గానీ, కండువాతో మొకం తుడుసుకుంటానే ఉన్నాడు.

అందుకే కదా మా పిన్ని బుల్లమ్మ గబగబా లేచి, "పిల్లలిద్దరూ మేడ మీదకెల్లి మాటాడుకోండి" అని మనల్ని తోలీసింది! లేకపోతే మా గోసాని నువాగాం ఇళ్ళల్లో అంత సులువుగా మేడెక్కనిస్తారేటి? మీ నోటి పుణ్యమే.

అయ్యయ్యో, సూసుకుని నడవండి, అప్పడాలు ఆరేసున్నాయి! అల్లదిగో, తొక్కీసారు. కాలు తియ్యండి. పోనీలెండి, అంచు విరిగింది అంతే, మా అమ్మకి కనపడకుండా తిప్పి పెడతాను. ఆ గోడవార నీడలో కూసోండి.

మాటాడరేటి? క్లాసులోనూ ఇంతే. ఆఖరి బెంచీలో కూసుని, బోర్డు కేసి సూడమంటే కిటికీ కేసి సూసీవోరు. నేను "కూర్మారావూ, నువ్వు సెప్పు" అంటే ఉలిక్కిపడీవోరు. అప్పుడు నువ్వు అన్నాను, ఇప్పుడు మీరు అంటున్నాను. నాకూ నాలిక తిరగడం లేదు. సరదాకి అనుకోకండి, నిజంగానే.

గుర్తుందా మీకు, డేటా ఇంటర్‌ప్రిటేషన్ అంటే ఎంత గండమో? లెక్కలన్నీ బాగా వచ్చును. టేబుల్ కనపడితే మాత్రం జొరం. నిలువునా ఏడాదులు, అడ్డంగా కంపెనీలు, "శాతంలో ఎవరు ఎక్కువ పెరిగారు?" అని ఒక ప్రశ్న. మీరేమో టేబుల్లో అన్నిటికంటే పెద్ద అంకె ఏదో సూసీసి, దాని మీద టిక్కు పెట్టీసీవోరు.

మా అమ్మ అప్పడాలు పెట్టి సెప్పాను కదేటి! మా అమ్మ రోజుకి వంద అప్పడాలు సేసేది, ఈ యేడు నూటయాభై సేస్తంది. ఎదురింటి పుణ్యవతి వెయ్యి సేసేది, ఈ యేడు వెయ్యిన్నూరు సేస్తంది. ఎవరు ఎక్కువ పెరిగారు? మీరు లేచి నిలబడి "పుణ్యవతి" అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది. మీకు కోపమొచ్చి, "మరి ఆవిడ వంద పెరిగింది, మీ అమ్మగారు యాభయ్యే కదా దిదీ" అని వాదన! ఎంత పెరిగింది అని కాదు బాబూ, ఎంతలో ఎంత పెరిగింది అని సూడాల అంటే, ఆ రోజుకి మీ తలకెక్కలేదు.

ఇంకో జబ్బు కూడా ఉండీది మీకు. టేబుల్ కింద సిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటాది సూడండి, అది సదివీవోరు కాదు. "అంకెలు వేలల్లో" అనో, "మూడో కంపెనీ ఆర్నెల్లే నడిచింది" అనో రాసుంటాది. అది వదిలీసి లెక్కంతా నున్నగా సేసీవోరు. దారంతా సరైందే, ఎల్లిన ఊరే వేరు.

బద్ధకమేస్తే ఐదో ఆప్షన్. "ఇచ్చిన డేటా సరిపోదు." ఎన్నిసార్లు తిట్టానో దానికి! అది జవాబు కాదు కూర్మారావూ, పారిపోడం అని.

కానీ ఒకటి ఒప్పుకోవాల. కూడికలో మిమ్మల్ని మించినోలు మా కోచింగుకి ఇప్పటికీ రాలేదు. పెన్ను పట్టకుండా మొత్తం సెప్పీసీవోరు. నేను బోర్డు మీద ఎక్కడైనా తప్పేస్తే, అంత వెనకనుంచి, "దిదీ, మొత్తం తప్పు" అని ఒక గొంతు. సిగ్గేసీది నాకు. సంతోషమూ వేసీది.

ఇప్పుడు సూడండి, మీరు దిగపహండి బేంకు బ్రాంచిలో ఆఫీసరు. మీ బెంచీలోనే కూసునే మసేను రైల్వేలో ఉన్నాడు. నేను మాత్రం ఆ బోర్డు ముందరే ఉన్నాను. ఊరందరికీ శకునం సెప్పిన బల్లి కుడితిలో పడిందంట. రాతపరీక్ష నాకొక లెక్కా? ప్రతిసారీ నెగ్గీసేదాన్ని. ఇంటర్వ్యూలోనే మాట రాదు. నవ్వకండి! క్లాసులో వాగుతాను, ఇక్కడ వాగుతున్నాను, నిజమే. ఎదరగా కూసున్న మనిషి నాకు మార్కులేస్తాడని తెలిసిందంటే మటుకు గొంతు ఎండిపోతాది. మీ ఊరి పేరేటి అని అడిగితే నీళ్ళు నమిలీసాను ఒకసారి.

సరే, అసలు సంగతికొస్తాను. మొన్న మన పాత బేచి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది.

ఏటీ, లేస్తన్నారు? కూసోండి. డిలీట్ సేసారు, నాకు తెలుసు. సేసే లోపల సూడాల్సినోలందరూ సూసీసారు.

స్కేలు పెట్టి గీసిన టేబుల్. ఎంత సక్కగా గీసారండీ! మూడు వరసలు. దిగపహండి, ఇచ్ఛాపురం, గోసాని నువాగాం. పైన గడుల్లో సదువు, వంట, రంగు, మాటతీరు, వయసు. పదికి మార్కులు. ఆఖర్ని మొత్తం. చికిటిలో ఉన్న మీ అమ్మగారికి పంపబోయి, గ్రూపుకి పంపీసారు. సంబంధాలు సూసుకోడానికి కూడా టేబుల్ గీసిన మనిషి ఈ గంజాం జిల్లా మొత్తానికి మీరొక్కరే ఉంటారు.

పాపం, ఆల్లంతా ప్రాక్టీసు ప్రశ్న అనుకున్నారు. మసేను వెంటనే "ఆన్సర్ బి" అని పెట్టీసాడు. అసిరయ్య "డేటా సరిపోదు" అన్నాడు. లక్ష్ముడైతే "టేబుల్ ఉంది గానీ ప్రశ్న ఏదీ దిదీ?" అని నన్నే అడిగాడు. నేనేటి సెప్పను? ఆ టేబుల్లో మూడో వరస నేనే నాయనా అని సెప్పనా?

అయినా రంగుకి నాలుగు మార్కులేటండీ నాకు? ఆ దిగపహండి పిల్లకి తొమ్మిదా? ఏం, సున్నం పూసుకుని తిరుగుతాదేటి? వంటకి మూడేసారు. నా వంట మీరెప్పుడు తిన్నారు? ఏటీ? ఓ, తప్తపాణి పిక్నిక్కులో కిసిడీయా! అవును, మాడింది. సరే, ఆ మూడూ ఎక్కువే. మాటతీరుకి ఎనిమిది ఇచ్చారు, బతికిపోనాను. ఇందాకట్నుంచి నన్ను వింటన్నారు కదా, ఇంకో రెండు తగ్గించుకోండి.

మొత్తం గడిలో మాత్రం నాదే పెద్ద అంకె. సూసి మురిసిపోనాను. తరవాత టీచరు బుద్ధి ఊరుకుంటాదా? అంకెలన్నీ కూడి సూసాను. తప్పొచ్చింది. మళ్ళీ కూడి సూసాను. మళ్ళీ తప్పే. సరిగ్గా కూడితే ముగ్గురిలో ఆఖరిదాన్ని నేను. మీ కూడిక వల్ల మొదటిదాన్నయ్యాను.

ఇప్పుడు సెప్పండి. పెన్ను పట్టకుండా మొత్తం సెప్పే కూర్మారావుకి కూడిక తప్పొస్తాదా? మిగతా రెండు వరసల్లో రాని తప్పు నా వరసలోనే ఎందుకొచ్చింది?

తేలు కుట్టిన దొంగలాగ అలగ కూసున్నారేటి? అప్పడాలు లెక్కెడుతున్నారా? సెవులు సూడండి, ఎర్రగా అయిపోనాయి. మీ అమ్మగారు మొత్తం గడి ఒక్కటే సూస్తారు, కూడి సూడరు అని మీకు తెలుసు. అవునా? అవునని సెప్పక్కర్లేదు, తల ఊపితే సాలు.

ఊపారు. నేను సూసాను.

నాకు ఏడుపొచ్చింది, తెలుసా అండీ? సంతోషంతోనే. ఇన్నేళ్ళు నాకు మార్కులేసినోలందరూ తగ్గించినోలే. ఒక మనిషి నాకోసం దొంగ కూడిక వేసాడని తెలిసి, ఆ ఫొటో పట్టుకుని వంటింట్లో కూసుని ఏడిసాను. మా అమ్మ ఉల్లిపాయలనుకుంది.

అందుకే సెప్పాల. సెప్పకపోతే అన్నం సయించదు. మీరెప్పటిలాగే టేబుల్ కింద సిన్న అక్షరాలు సదవలేదు. నా వరస కిందా ఒక లైనుంది.

వయసు గడిలో నాకు పదికి పది ఇచ్చారు. సర్టిఫికెట్ ప్రకారం నేను మీకంటే ఏడాది సిన్న. బాగుంది. కానీ నన్ను మా అమ్మమ్మగారి ఊరి బడిలో ఏసినప్పుడు, మా తాత పైడయ్య ఆ బడి మేస్టారి కాడికెల్లి, "రెండేళ్ళు తగ్గించి రాయండి బాబూ, రేపు సర్కారు ఉద్యోగానికి పనికొస్తాది" అన్నాడంట. ఆ ఊళ్ళో అందరికీ అదే రివాజు. పిల్ల పలక పట్టకముందే ఉద్యోగం పరీక్షకి వయసు మిగిల్చి పెట్టీవోరు. ఎవరు తప్పనుకున్నారు? ముందుసూపు అనుకున్నారు.

ఆ మిగిల్చిన రెండేళ్ళూ నేను పరీక్షలు రాసాను. ఈ యేడుతో ఆ గడువూ అయిపోనాది. ఉద్యోగం రాలేదు, వయసు మటుకు వచ్చింది.

లెక్క మీరే సెయ్యండి. కూడికలో మొనగాళ్ళు కదా, తీసివేత రాదేటి?

అవును. ఏడాది పెద్ద.

మీదీ తగ్గించి రాయించారేటి? ఏటీ, ఆస్పత్రిలో పుట్టారా? కార్డు కూడా ఉందా? సత్తెకాలం మనుషులండీ మీరు! మీకూ ఒక దొంగ తేదీ ఉండుంటే ఇద్దరికీ సరిపోయీది.

మా నాన్న సెప్పొద్దన్నాడు. "ఆల్లింట జాతకాలు సూడరు, పేరుబలమే సూస్తారు, ఎలాగా తెలీదు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెల్లి సెయ్యమన్నారు, నేను ఒక్కటే ఆడుతున్నాను కదమ్మా" అని బతిమాలాడు. నా మీద బెంగతోనే అన్నాడు, ఆయన్నేటి అనను? కానీ మీ అమ్మగారు ఈ ఒక్క విషయంలో గట్టి మనిషంట. పెల్లికూతురు ఒక్క నెల పెద్దదైనా ఒప్పుకోరంట. సంబంధం తెచ్చిన చిట్టమ్మే సెప్పింది.

ఏటన్నారు? గట్టిగా సెప్పండి. అమ్మకి సెప్పొద్దా?

అమ్మో, అలగ కాదు. అక్కడ మా తాత తేదీ తప్పు, ఇక్కడ మీ మొత్తం తప్పు. ఈ రెండిటి మీదా పీటలేసుకుని కూసుంటే, నాకు జీలకర్రా బెల్లమూ నెత్తి మీద నిలవదు. రేపు నేనూ ఆవిడా ఒకే వంటింట్లో తిరగాల. ఆవిడ నన్ను సిన్నపిల్లనుకుని ముద్దు సేస్తుంటే నేను ఎక్కడ తలెట్టుకోను?

కిందకెల్లగానే నేనే సెప్తాను. మా నాన్న మొకం ఎలగ మారిపోతాదో తెలుసు. అయినా సెప్తాను.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. నేను సెప్పినప్పుడు మీరు నా పక్కన నిలబడతారా, మీ అమ్మగారి వెనక నిలబడతారా? రెండే ఆప్షన్లు. ఐదోది లేదు.

తొందర లేదు. ఖాళీగా వదిలీసినా వదిలీయొచ్చు. ఖాళీకి నెగిటివ్ మార్కుల్లేవు. నేనే నేర్పాను కదా మీకు.

అల్లదిగో, మీ అమ్మగారు పిలుస్తన్నారు. వస్తన్నామండీ!

ఉండండి, ఇంకొక్క మాట. ఇది మా ఇంట్లో ఎవరికీ తెలీదు. చిట్టమ్మ నా ఫొటో మీ ఇంటికి ఎలగ తెచ్చిందనుకున్నారు? మా నాన్న ఇచ్చాడనుకున్నారా? అప్పటికి మా నాన్నకి మీరెవరో కూడా తెలీదు. మీ ఇంట సంబంధాలు సూస్తన్నారని విని, నేనే చిట్టమ్మ ఇంటికెల్లాను. నా ఫొటో కూడా పెట్టమ్మా అని ఇచ్చి వచ్చాను. ఆ మూడో వరస నేనే ఎక్కించుకున్నాను, కూర్మారావూ.

సూసారా? నువ్వు ఎదరగా కూసుని మార్కులేస్తన్నావని తెలిసి కూడా, నాకివాళ గొంతు ఎండలేదు.

పద. అప్పడాలు తొక్కకు.