సంజీవక్క చేతిలో రెండు మూటలు

ఏం పాపా, మొగం అట్లా పెట్టుకున్యావు? మన దొరసాని మామా నీ చేతిలోంచి సంచి గుంజుకునిందనా? ఓసి పిచ్చిపిల్లా, దానికి చిన్నబుచ్చుకునేదేంది! పనిమనిషి చేతులూపుకుంటా నడుస్తాంటే ముసలి దొరసాని మోస్తాందే అని జమియా అంగడి కాడ అందరూ అనుకుంటారని నీ బాధ. అనుకోనీలే. నువ్వొచ్చి నెల కూడా కాలే, నీకేం తెలుసు. నేను ఈ ఇంట్లో డ్రైవరుగా చేరినప్పుడు చేతిగుడ్డ కింద పడినా వంగి తీసుకునే మనిషి కాదు ఆయమ్మ. "పుల్లా!" అంటే నేను, "సంజీవా!" అంటే సంజీవక్క, ఉరకాల్సిందే. కూచో, ఏసీ నీ పక్కకు తిప్పుకో. ఆయమ్మ టమాటాలు ఒక్కోటీ ఒత్తి చూసి ఏరుకోని వచ్చే లోపల చెప్తా. సంజీవక్కంటే నీకు తెలీదు గదా. మన రాయచోటి పక్క మనిషే. ఇప్పుడు నువ్వుండే వంటింట్లోనే ఉండె, ఇరాకోడు ఈ దేశం మీదికి దండెత్తి వచ్చిన కాలంలో.

అప్పుడు నాకు మీసాలు నల్లగుండె, నవ్వాకు. ఆగస్టు నెల, ఎండ చంపుతాండె. ఆయమ్మ మొగుడు బాబా ఆపరేషనని లండన్ పోయుండె. ఇంట్లో మామా, మంచం పట్టిన వాళ్ళత్త, అక్క, నేను. ట్యాంకులు మన జహ్రా ఊరి మీదుగానే పాయ.  ఆ పైన మెల్లగా గొణుగుడు మొదలాయ. మీది దేశం కాదు, మా జిల్లా అనె వాడు. మీ కారు నంబర్లు పీకి మా నంబర్లు బిగిచ్చుకోండి అనె. అదిగో, ఆడ కాలింది వీళ్ళకు. మా జేజినాయన తెల్లోళ్ళ కాలం ముచ్చట్లు చెప్తాంటే నాకు వింతగా ఉండేది, అన్నేండ్లు పన్నులు కట్టి నోరు మూసుకున్న జనం ఉన్నట్టుండి ఎట్లా తిరగబడిరబ్బా అని. ఈడ కండ్లారా చూసినా. ఒక్క దినంలో కాదు పాపా. ముందు వంటిండ్లలో ఆడోళ్ళు తిట్టుకునిరి. తర్వాత వానికి దోవ తెలీకుండా వీధుల పేర్లు, ఇండ్ల నంబర్లు అన్నీ పీకి పారేసిరి. పొద్దుగూకినాక మిద్దెలెక్కి ఊరూరంతా ఒక్కతూరి దేవుని పేరు అరుస్తాండ్రి, ఒళ్ళు జలదరిస్తాండె. ఒకనాడు నల్ల అబాయా ముసుగులేసుకోని ఆడోళ్ళు ఊరేగింపు పొయ్యిరి. ఇరాకు సిపాయిలు కాల్చిరి. మామా పక్కనే నడిచే పిల్ల కూలిపాయ. మామా ఇంటికొచ్చి ఆ రక్తం చేతుల్తోనే శానాసేపు కూచునింది, కడుక్కోలే. ఆపొద్దునుంచి మనిషి మారిపాయ. బాబా ఆఫీసులో జెరాక్సు మిషను తెప్పిచ్చి, బియ్యం మూటల వెనక పెట్టి, ఇరాకోళ్ళకు లొంగొద్దు అని కాగితాలు కొట్టేది. రొట్టెల కింద పెట్టి వీధంతా పంచేది. కాగితాలు పంచిన పిలగాండ్లే ఆ తర్వాత తుపాకులు పట్టిరి. నేనా, గాలికి తలుపు కొట్టుకున్యా ఉలిక్కిపడతాంటి.

మనోళ్ళంతా జోర్డాన్ మీదుగా ఊరికి పోతాండ్రి. అక్కకూ బస్సులో సీటు దొరికె. "ముసలామెకు గంజి ఎవురు పోస్తారు?" అని పోలే. ఆ వారంలోనే పక్కింటాయన రొప్పుకుంటా వచ్చె. కాగితాలు పంచేవాడొకడు దొరికినాడంట, దెబ్బలకు తట్టుకోలేక మామా పేరు చెప్పినాడంట. ఆయమ్మను షర్క్‌లో ఉండే వాళ్ళ చిన్నమ్మ ఇంటికి దాటిచ్చల్ల, లేకుంటే ఖలాస్. కారుకు పాత నంబరే, రోడ్డెక్కితే పడతాం. నేను అమ్ఘరా పక్కకు పొయ్యి తుక్కు సామాన్ల లారీ ఒకటి అడిగి తెచ్చినా. మనోళ్ళను వాళ్ళు పెద్దగా పట్టిచ్చుకోరు, హిందీ హిందీ, అంటే మన దేశమోళ్ళులే అని పొమ్మంటారు. అందుకని అక్క తన చీర మామాకు కట్టింది. బొట్టు కాడ అక్క చెయ్యి ఆగిపాయ. "మీ దేవుడు కోప్పడతాడేమో మామా" అనింది. "యల్లా, పెట్టు. ఆయనకు తెలుసులే" అని ఆయమ్మే తల ముందుకొంచింది.

చెక్‌పోస్టులో దిగమనిరి. ఈడే పాపా, నీ సంచి సంగతి ఈడుంది. అన్నీ నేర్పిన అక్క, తన అలవాటు మానుకునేది మరిసిపాయ. తాను ముందు దుమికి, మామాకు చెయ్యి అందిచ్చి, రెండు మూటలూ తానే చంకనేసుకోని, రెండడుగులు వెనక నిలబడింది! మామా వట్టి చేతుల్తో ముందర నిలబడె, దొరసాని మాదిరి.  ఒక చిన్నోడు, మీసం ఇంకా సరిగా రానోడు, వచ్చి అటూ ఇటూ చూసె. "ఇద్దరూ పనోళ్ళే గదా, రెండు మూటలూ నువ్వే మోస్తాండావేంది?" అనె. అక్క ఒక్క రవ్వ తడబడలే. "నా చెల్లెలు సార్. హామిల్" అనింది. కడుపుతో ఉండాది అని. పెండ్లయి ఎన్నేండ్లయినా కడుపు పండని ఆయమ్మ, పాపం, పొట్ట మీద చెయ్యి పెట్టుకోని నేల చూస్తా నిలబడె. ఆ పిలగాని మొగం మెత్తబడిపాయ. మా ఇంటిదీ ఇట్లే ఉండాది, ఈ ఎండలో నిలబెట్టకూడదు అని తన సీసాలో నీళ్ళు తాపిచ్చి, చెయ్యెత్తి పొమ్మనె. లారీలో అక్క నవ్వుతాంది, ఏడుస్తాంది. "మామానే చెల్లెలంటి పుల్లయ్యా, నా నాలిక తెగిపడదా!" ఆ వట్టి చేతుల్ని ఆయమ్మ ఈ పొద్దుకూ మరిసిపోలే.

షర్క్‌లో మామాను దింపి మేం ఇద్దరం ఇంటికొస్తిమి. ముసలామె ఉండాదే మరి. వస్తారని తెలుసు. అక్క ఫొటోలన్నీ పిండి డబ్బాలో దాచె. ముసలామె తలాపున కొడుకూ మామాల పెండ్లి ఫొటో ఒకటే వదిలిపెట్టె, తీస్తే పాపలాగ ఏడుస్తాదని. వచ్చిరి. నన్ను గోడకానిచ్చి నిలబెట్టిరి. "మామా యాడ?" అంటే "ఊరు దాటిపాయ, నాకు తెలీదు" అంటాంది అక్క. నమ్మినట్టే ఉండె, పోతామన్నట్టే ఉండె. అంతలో వెనకనుంచి ఆ పిలగాడు ముసలామె గదిలోకి వచ్చె. వాడే. అక్కను గుర్తుపట్టి నవ్వబోయె, ఫొటో కనపడె. ఫొటో చూసె, అక్కను చూసె. కోపం లేదు పాపా వాని మొగంలో. ఎవురో చెంప మీద కొట్టినట్టు అయిపాయ. "అయితే... కడుపు లేదా?" అనె.

వాకిట్లో వాళ్ళ ఆఫీసరు వినె. "ఏం కడుపు?" అనె.

రెండు మాటలడిగి పంపిస్తామని అక్కను జీపెక్కిచ్చిరి. అంతే. దేశం మళ్ళా వీళ్ళ చేతికొచ్చినాక మామా బస్రా దాకా మనుషుల్ని పంపె, ఎక్కని గడప లేదు. జాడ లేదు. ఏమనిందా పోతా పోతా? ఏమంటాది... జీపెక్కతా నా తట్టు తిరిగి, "పుల్లయ్యా, ముసలామె గంజిలో ఉప్పెయ్యలేదు, నువ్వెయ్" అనింది.

...

కండ్లు తుడుచుకో. మామా వస్తాంది, డిక్కీ తెరువు పో.