మా అవ్వ తలనూనె

"అమ్మమ్మా, తలకు ఆముదం వద్దంటె ఇనవా? ఇల్లంత గదే వాసన. షాంపూ తెచ్చిన కదనే."

పెట్టుకోనీ బిడ్డా, జర కూసో. ఎందుకో చెప్త. సిగ్గుతోని తల కొట్టేసినట్టయ్యే ముచ్చట, మీ అమ్మకు సుత చెప్పలే.

గప్పుడు నిజాం సర్కారు. రజాకార్ల గడబిడకు రెండేండ్లో మూడేండ్లో ముందు. నాకు పదహారు... కాదు కాదు, మీ పెద్దమామ కడుపుల పడ్డడు కద, పదిహేడుండె. మీ తాత పట్నంల, పత్తర్‌గట్టి కాడ బట్టల దుకాణంల గుమాస్తా. ఎనక గల్లీల ఒక్క అర్ర కిరాయికి తీసుకున్నం. ఇల్లు బీబమ్మది, ముసలామె, మొగడు లేడు. కిరాయెంతనుకున్నవ్? నెలకు మూడు రూపాయలు, హాలీ సిక్కా, అంటె నిజాం పైసలు. ఇప్పుడు గా పైసలకు చాయ్ రాదు.

గా గల్లీ వాసనే వేరు. పొద్దుగాల రొట్టెల బట్టీ, మాపటికి ఊదు. జట్కా గుర్రాల లద్ది సుత ఉండె అనుకో. సందు మలుపుల అత్తరు దుకాణం. గా అత్తరు ముక్కుకు తాకిందంటె నేనేదో దొరసానినయినట్టు నడుము నిలువుగ పెట్టి నడిచేదాన్ని. నవ్వకు. మీ తాత పాణం తీసి వాసన నూనె సీసా సుత కొనిపిచ్చుకున్న.

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, ఇబ్రహీంపట్నం నుంచి నెలకోపారి ఎడ్లబండి మీద వచ్చేది. రోజంత పట్టేది. మాది ఆముదాల చేను. ఇంట్లనే గింజలు ఏంచి, దంచి, ఉడకబెట్టి నూనె తీసి తలకు కారేటట్టు పెట్టుకునేది. చిన్నప్పుడు ఆ జుట్టుల ముక్కు పెడితెగాని నాకు నిద్ర రాకపోయేది. పట్నంల గదే వాసన నాకు... ఏం చెప్పాలె. అవ్వ అర్రల అడుగు పెట్టంగనే అత్తరంత పోయి మా చేను, పేడ, మట్టిగోడ ముంగట నిలబడేటివి. పక్కింటోళ్లు నన్ను ఊరిదాన్ని అనుకుంటరని సచ్చిపోయేదాన్ని.

ఒకపారి అననే అన్న. "అవ్వా, ఏమనుకోకు, బీబమ్మకు ఆముదం వాసన పడతలేదట. అర్ర ఖాళీ చెయ్యమంటదేమో." బీబమ్మ పాపం ఒక్కనాడు గట్ల అనలే. నేనే పుట్టిచ్చిన.

"ముందుగాల చెప్పద్దా బిడ్డా" అన్నది అవ్వ. అంతే.

మల్లొచ్చేసరికి తలకు చుక్క నూనె లేదు. కుంకుడుకాయతోని రుద్ది రుద్ది కడుక్కున్నది. జుట్టు ఎండుగడ్డి లెక్క లేస్తుండె. అరుగు మీదనే కూసున్నది. లోపలికి రమ్మంటె, "ఇంకేమన్న వాసనుందేమో చూడు బిడ్డా" అని నా దిక్కు తల వంచింది. నేను చూసిన. వంగి వాసన చూసి, "ఏం లేదు, రా" అన్న.

గప్పుడే బీబమ్మ బైటికొచ్చింది. "అరే అమ్మా, గీపారి తలకు నూనె లేదేంది? నువ్వొస్తె మా అమ్మీ ఇంట్లకొచ్చినట్టుంటది. ఆమె గూడ గదే పెట్టేది. నా మోకాళ్లకు జర ఒక సీసా తేరాదు" అన్నది.

నాకు భూమిల దిగిపోతె బాగుండనిపిచ్చింది. అవ్వ నా మొఖం దిక్కు చూడలే. "తెస్త బీబమ్మా. తలనొచ్చి పెట్టుకోలే" అన్నది. నా అబద్ధం బైట పడకుంట తానొక అబద్ధమాడింది.

తెచ్చింది సుత, వచ్చినప్పుడల్లా ఒక సీసా, బీబమ్మకు. తాను మాత్రం ఎండు తలతోనే వచ్చేది. "పెట్టుకో అవ్వా" అని నేను... లే, అబద్ధమెందుకు, అనలే. అంటె తప్పు ఒప్పుకున్నట్టయితదని అనలే. గా రజాకార్ల గడబిడయిన యాడాదే అవ్వ పోయింది. ఆడోళ్లు తానం పోసి తలకు ఆముదం పెట్టినరు. గప్పుడు దగ్గరికి పోయి, ఆ జుట్టుల ముక్కు పెట్టి ఏడ్చిన. ఏం ఫాయిదా?

గందుకే పెట్టుకుంట బిడ్డా, పిచ్చిదనుకో. నీ షాంపూ నువ్వు పెట్టుకో, మంచి వాసనే గది. నూరేండ్లు సల్లగుండు. రేపు నీ పిల్లలు నీ జుట్టుల ముక్కు పెట్టుకొని నిద్రపోవాలె... పెద్దగయినంక సుత, జర దగ్గరికి రావాలె...