అన్న మాటకు కాదనని మనిషి

“బాపమ్మా, మా మీద కోర్టు కాయితమొచ్చింది. మిద్దె మీదికి పోయే మెట్లు తనవేనని మా ఆయన మేనమామ దావా ఏసిండు. ఈయనేమో మేనమామ మీద జవాబు రాసుడేంది, కులపోళ్ళల్ల కూసొని తెంపుకుందమంటుండు. ఏం జేద్దునే?”

ఏందీ, జవాబు రాయడా? కూసో ఇట్ల. ఆ ఫ్యాను జర నా దిక్కు తిప్పు. నీ మొగడు గూడ మీ తాత అసొంటోడేనా? మన ఆడోళ్ళ నసీబుల గిసొంటోళ్ళే రాసిపెట్టి ఉంటరు. సరే, ముందుగాల మా గల్లీ ముచ్చట ఇను, అటెన్క నీ ఇష్టం.

లింబాయత్‌ల మాకు బట్ట నేసే సాంచెల కార్ఖాన ఉండె, ఎరుకే గద. ఎరుక లేదా? నువ్వు గప్పటికి పుట్టనే లేదేమో... కాదు కాదు, పుట్టినవ్, చేతుల పిల్లవు. నిన్ను కండెల గంపల పండవెట్టి నేను సాంచె దగ్గర నిలవడేది. సాంచెల సప్పుడుకు మంచిగ నిద్రవోయేదానివి. కరెంటు వొయ్యి సాంచెలు ఆగినయో, లేసి ఏడుపందుకునేదానివి.

మన పక్కదే నర్సయ్య బావ కార్ఖాన. నర్సయ్య బావంటే మీ తాతకు పెద్దనాయన కొడుకు. సిరిసిల్ల దిక్కుకెల్లి మమ్ముల సూరత్‌కు తోల్కొచ్చింది ఆయనే. రైలు దిగంగనే టేషన్ బయట సమోసలు ఇప్పిచ్చిండు. గప్పుడు సమోస నాలుగణాలు, ఇప్పుడైతే... సరే పోనీ. గా సమోసల రుణం మీ తాత ఇంకా తీర్చుతనే ఉన్నడు.

రెండు కార్ఖానల నడుమ ఒక గల్లీ. నూలు సుట్టిన బీములుంటయి గద, మనిషంత బరువు, కాదు, ఇద్దరు మనుషులంత ఉంటయి, అవి బండి మీద గా గల్లీలకెల్లే లోపలికి రావాలె. ముంగటి తలుపు ఇరుకు, అండ్లకెల్లి బీము పట్టది. గల్లీ బందైతే సాంచెలు బంద్, అంతే. ఆ గల్లీల బండలు గూడ అన్నదమ్ములిద్దరు గలిసే పరిచిండ్రు. ఏండ్లకేండ్లు నడిచినం. ఎవ్వల్నన్న అడిగినమా? మన తొవ్వల మనం నడుసుటానికి అడుగుడేంది?

గంతట్ల బావ కొడుకులు పెద్దగైండ్రు. గల్లీ కలుపుకొని పైకి కడుతమన్నరు. గల్లీ తమదేనని బావ పేరుతోని మా మీద దావా ఏసిండ్రు. కోర్టు మనిషి కాయితం తెచ్చి ఇచ్చిపోయిండు. మీ తాత వకీలు దగ్గరికి పోయిండా? సంఘం పెద్దల దగ్గరికి పోయిండు. జవాబుకు నెల గడువు, ఆ నెలంత ఛాయ్‌లు తాగుడే. “నర్సయ్యకు చెప్తం తీ, కేసు వాపసు తీస్కుంటడు” అని వాళ్ళనుడు, ఈయన తలకాయ ఊపుడు. బావ గూడ “సూద్దం తీ” అన్నడట. సూద్దమంటే తీసుకున్నట్టా? నువ్వే చెప్పు.

కొసకు నేనే రెక్క వట్టి గుంజుకపోయిన. గుజరాతీ ఆడవకీలు, బెన్ అనేటోళ్ళం, వయసు చిన్నదే, నన్ను మాసీ అనేది. హిందీల నిమ్మళంగ చెప్పింది. “మాసీ, వాళ్ళు రాసిన ఒక్కొక్క పేరాకు జవాబియ్యాలె. నిజమైతే నిజమను, అబద్ధమైతే అబద్ధమను, తెల్వకుంటే తెల్వదను. ఏమనకుండ ఇడిసిపెడితే ఒప్పుకున్నట్టే లెక్క.” దావాల తప్పులుంటే అవి గూడ ముంగటనే ఎత్తిచూపాలెనట, ఎనుకసీరి అంటే జడ్జి ఇనడట. గల్లీ మూలకు ఒక సేటు గోదాముండె, ఆయన నడిచేది గూడ అదే తొవ్వ, ఆయనను కేసుల కలుపలేదని రాసింది. గల్లీ విలువ తక్కువ జూపి కోర్టు ఫీజు తక్కువ కట్టిండ్రని రాసింది. నాకు జర పానం కుదుటవడ్డది.

అటెన్క పేరాలు సదువుతుంది. ఆమె అడుగుడు, ఈయన కాదు, కాదు అనుడు. మంచిగనే నడుస్తుంది. గప్పుడొచ్చింది గా పేరా. “తమ్ముడని దయదల్చి నేను పర్మిషన్ ఇస్తేనే గల్లీల నడిచిండు” అని బావ రాయించిండు.

మీ తాత నోరు మూసుకున్నడు.

“కాకా, బోలో” అని మీ తాతనడుగుతది ఆమె. ఈయనంటుండు, “అది అట్లనే ఉండనీయమ్మా. ఇచ్చిన అంటుండు పెద్దోడు. ఇయ్యలేదని రాస్తే నేను అన్నను అబద్ధాలకోరన్నట్టు గాదా?”

నీకు మన సంఘం పద్ధతి తెల్వది, నువ్వు ఈడ పుట్టినదానివి. పంచాయితీల పెద్దోడు మాట్లాడుతుంటే చిన్నోడు కాదనద్దు. చేతులు కట్టుకొని నిలవడాలె. చిన్నోడు సప్పుడు జెయ్యకుంటే పెద్దమనుషులందరు పెద్దోని దిక్కు జూస్తరు. ఆయనకే సిగ్గయి సగం ఇడుస్తడు. మీ తాత సొంత అన్నతోని ఇల్లు పంచుకున్నప్పుడు గూడ గట్లనే తెగింది, ఈయన నోరిప్పకుంటనే పెరడంత మాకొచ్చింది. కోర్టు గూడ గసొంటిదే అనుకున్నడు ఈ మనిషి. ఆడ జడ్జి నర్సయ్య మొకం జూస్తడా? కాయితం జూస్తడు!

“కాకా, ఇది ఇజ్జత్ కాదు, ఒప్పుకోలు. పర్మిషన్ మీద నడిచినమంటే, ఎన్నేండ్లు నడిచినా మీకు హక్కుండది” అన్నది వకీలు బెన్. నేనైతే వకీలాఫీసని గూడ సూడలే, నోటికొచ్చినట్టు తిట్టిన. “అన్న నీకు అన్న, మరి సాంచెలు నాకేం గావు? నా రెక్కలు గావా?” అన్న. ఇంటేనా? కేసు ఆయన పేరు మీద, సంతకం ఆయనది. ఆ ఒక్క పేరా ఇడిసిపెట్టి సంతకం గీకిండు.

లోపల పండుకున్నడు, ఇనని! ఏమయ్యా, నేను చెప్పేదాంట్ల అబద్ధమేమన్న ఉందా? కాదంటవా?... సూసినవా. ఇప్పటికి గూడ కాదనడు.

ఇంకేముంది. గోదాము సేటును వాళ్ళు అటెన్క కేసుల కలుపుకున్నరు, తక్కువవడ్డ ఫీజు కట్టుకున్నరు. మేం ఎత్తిచూపిన తప్పులన్ని సాపైనయి. అవుతలి వకీలు లేసి ఒక్కటే మాటన్నడు, పర్మిషన్ ముచ్చటకు వీళ్ళు కాదనలేదు అని. మా వకీలు జవాబు మారుస్తమని అర్జీ పెడితే, గన్నొద్దులు ఏం జేసిండ్రన్నడు జడ్జి. అసలు మాటకు కాదనకపోతే ఎన్ని పెట్టి ఏం ఫాయిదా?

కేసు వాళ్ళ దిక్కే తెగింది, గల్లీకి గోడ లేసింది. బీము వచ్చే తొవ్వ లేదు. సాంచెలు ఊడదీసి అమ్మినం. వాటిని బండికెక్కిస్తుంటే నేను ఇంట్లకెల్లి శవం లేసినట్టు ఏడ్సిన, బిడ్డా. మా కార్ఖానకు మేమే సేట్లం, గసొంటిది మీ తాత ఆ వయసుల ఉన్ ఊరి దాంక పోయి మందికింద సాంచె నడిపిండు. ఇప్పటికి గూడ నేను ఆ గోడ దిక్కు పోను, ఆటోవాన్ని సుట్టుదిరిగి పొమ్మంట.

అసలుది ఇను. బావ పానం బాగలేక మంచానవడ్డడు. ఎంతైనా మనోడే గద, సూడవోయినం. మీ తాత చెయ్యివట్టుకొని ఏమన్నడెరుకేనా? “తమ్మీ, ఆ పర్మిషన్ మాట పోరగాండ్లు రాయిపిచ్చిండ్రురా. నువ్వు కాదని రాస్తవు, గప్పుడు ‘నా తమ్ముడు ఒప్పుకోలే, ఇగ సాలియ్యుండ్రి’ అని వాళ్ళ నోరు మూయిద్దమనుకున్న. నువ్వు కాదనకపోతివి. నేనేమందును?”

ఇగో! గీయన అన్న మొకం జూసి కాదనలే. గాయన తమ్ముడు కాదంటడని ఎదురుజూసుకుంట కూసున్నడు. ఇద్దరి మర్యాదల నడుమ నా సాంచెలు వోయినయి. నవ్వాల్నా, ఏడ్వాల్నా నేను?

గందుకే చెప్తున్న. ఇయ్యాలనే నీ మొగన్ని వకీలు దగ్గరికి తోల్కపో. మేనమామ మీద అంత భక్తి ఉంటే పొద్దుగాల పోయి కాళ్ళు మొక్కమను, నేనొద్దంటలే. పగటాల పోయి ఆయన రాసిన అబద్ధానికి కాదని రాయమను. నువ్వు పక్కనే కూసోవాలె, ఇంటున్నవా? ఒక్కొక్క పేరా సదివిపిచ్చుకో. ఏ పేరా కాడ నీ మొగడు నోరు మూసుకుంటడో, గాడనే ఒక్క గిచ్చు గిచ్చు.

మీ కాపురం సల్లగుండ. లే బిడ్డా లే, అమ్రోలిల మీ ఇంటి దాంక పోవాలె, ఇంకా గీడనే కూసున్నవేంది...