హస్బెండ్రీ లేని పొలం

ఇంగ్లండ్, యార్క్‌షైర్ కొండలు, 1954 ఏప్రిల్. కౌలురైతు హారియట్ వంటింట్లో పక్క పొలం కత్‌బర్ట్ టీ తాగుతున్నాడు.

“…నవ్వకు కత్‌బర్ట్! భూస్వామి గుమాస్తా అలాగే రాశాడు. ‘ఈ పొలంలో హస్బెండ్రీ సరిగా లేదు, ఖాళీ చేయించాల్సొస్తుంది’ అని. అంటే నాకు మొగుడు లేడనేగా?”

“అబ్బే, కాదు. హస్బెండ్రీ అంటే సేద్యం. నేలనీ గొర్రెల్నీ బాగా చూసుకోవడం.”

“మరి అందులోకి మొగుడెందుకు దూరాడు?”

“దూరలేదు హారియట్, మొదట్నుంచీ అక్కడే ఉన్నాడు. ఓడలెక్కొచ్చి ఈ కొండల్లో దిగిన పాతకాలపు వాళ్ళ మాట అది. హూస్ అంటే ఇల్లు. బోండీ అంటే కాపురముండి సేద్యం చేసుకునేవాడు. రెండూ కలిసి హస్బెండ్ అయింది.”

“పెళ్ళాం సంగతో?”

“ఆ మాటలో పెళ్ళాం లేదు. ఓ కొంప, కాస్త నేల ఉంటే చాలు. పెళ్ళాం తర్వాతెప్పుడో వచ్చి చేరింది.”

“అలాగా! నీ కొంపలో ఇంకా చేరలేదే?”

“హారియట్…”

“సరే, సరే. కేకు తీసుకో. అయితే నాన్న పోయిన ఈ పద్దెనిమిదేళ్ళూ పొలానికి హస్బెండ్‌ని నేనేనన్నమాట.”

“నువ్వే. ఈ లోయలో నీ అంత మంచి హస్బెండ్ ఇంకోడు లేడు.”

“ఇంకోడా! గడ్డం ఒక్కటే తక్కువ నాకు.”

“అదీ… నేనొచ్చిన పని చెప్పనీ. శనివారం వెళ్ళిపోతున్నా. లాంకస్టర్‌లో మా చెల్లెలింటికి. గొర్రెలు అమ్మేశా.”

“ఊరంతా చెప్పుకుంటున్నారు. నాకే ఆఖర్న చెప్తున్నావు.”

“చెప్దామనే రోజూ వచ్చా.”

“రోజూ వచ్చి వాన గురించి మాట్లాడావు.”

“వాన పడింది మరి.”

“నువ్వు నీ దారిన పోతావు. వీళ్ళు నన్ను వెళ్ళగొడితే?”

“ఎవడు వెళ్ళగొట్టేది, నేనుండగా?”

“ఉండగానా? శనివారం అన్నావు.”

“అంటే… ఇలా ఇవ్వు ఆ ఉత్తరం. ఏమంటాడు? ‘పడమటి రాతిగోడ కూలిపోయి ఉంది.’ పడమటిదా? అక్టోబరులో నేను కట్టిన గోడేనా?”

“అదే.”

“నా చేత్తో పేర్చానే! పొద్దున వస్తూ కూడా చూశా, ఒక్క రాయి కదల్లేదు. వీడికి కళ్ళు… ఆగు. హారియట్, దీని మీద తేదీ కిందటి ఆగస్టుది!”

“అవునా?”

“అవునా ఏమిటి? ఇది గోడ కట్టకముందు వచ్చింది!”

“కట్టాక ఆ గుమాస్తానే వచ్చి చూసి, అంతా బాగుందని రాసిచ్చి పోయాడులే.”

“మరి ఇప్పుడు నాకెందుకు చూపించావు? ఆ మాటకి అర్థం తెలీకా?”

“అర్థం నాన్న నా చిన్నప్పుడే చెప్పాడు. శనివారం దగ్గరికొచ్చేస్తోంది కత్‌బర్ట్. ఈ వంటింట్లో నీ నోట ‘హస్బెండ్’ అన్న మాట పలికించడానికి నాకింకో దారి దొరకలేదు.”