నిద్రపట్టని చంటోడు, అంకమ్మ నోరు

నాంచారికి పెళ్ళయి మూడేళ్ళు, చంకలో తొమ్మిది నెలల పిల్లోడు, అయినా పుట్టింటి గడప మళ్ళీ తొక్కింది లేదంట. కాన్పుకన్నా పంపాలి కదా, అదీ పంపలేదు వాళ్ళత్త అంకమ్మ. "కాన్పు చెయ్యడం మీ అమ్మకొచ్చా? నాకొచ్చు. ఇక్కడే కను" అందంట. అంకమ్మ చెడ్డదేం కాదు, ఆ మాట ముందే చెప్తన్నా, మీలో అత్తలైనోళ్ళు మళ్ళీ నామీద పడమాకండి. చెయ్యి మంచిది, వంట మంచిది, పెట్టే బుద్ధి ఉంది. నోరే. ఆ నోరు కోడి కంటే ముందు లేస్తది, ఇంటిల్లిపాదీ పడుకున్నాక పడుకుంటది. మొగుడు చెంచయ్య నలభై ఏళ్ళనుంచి దాని కిందే బతుకుతన్నాడు, చూరు కింద పిచ్చిక బతికినట్టు. ఇక నాంచారి అంటావా, ఆ ఇంట్లో తలెత్తి ఎరగదు. "ఊ", "ఆ", "అట్టాగే అత్తా", ఈ మూడు మాటలతోనే మూడేళ్ళు సంసారం చేసిందనుకో.

ఇట్టా ఉండగా ఏమైందంటే, నాంచారి చెల్లెలికి పెళ్ళి కుదిరిందని కబురొచ్చింది. నాంచారి మొగుడు మిరపకోతల్లో ఉన్నాడు, కదల్లేడు. ఆ రోజు నాంచారి నాలుగో మాట మాట్లాడింది. "అత్తా, పోతాను" అందంట. అంకమ్మ చేతిలో చేట కింద పెట్టి, దాన్ని పైనుంచి కిందకి చూసి, పో అంది. అంది గాని ఒక షరతు పెట్టింది. ఈ పిల్లోడు పరాయిచోట నిద్రపోడు, నాకు తెలుసు, వాడికి నిద్ర తగ్గి మొహం వాడిందా, పెళ్ళవనీ కాకపోనీ అదే బండెక్కి వెనక్కి రావాల, మళ్ళా వాడికి మీసాలొచ్చిందాకా పుట్టింటి మాట ఎత్తకూడదు, "మీ మామ బండి తోలతాడు, ఆయనే సాక్షి" అంది. నాంచారి "అట్టాగే అత్తా" అంది. ఇంకేమంటది.

మూట మాత్రం అంకమ్మే కట్టింది. ఉయ్యాలకి పాత చీర, వాసన మారితే వాడు పసిగడతాడని ఉతక్కుండా పెట్టింది. వాడి బొంత, ఆముదం బుడ్డి, వాము, సాంబ్రాణి, ఆఖరికి దూలానికి కట్టిన ఉయ్యాల తాడు కూడా విప్పి పెట్టింది. ఇక ఇల్లొక్కటే మిగిలింది అత్తా, అదీ బండెక్కిస్తే సరి, అనుకుంది నాంచారి. అనలేదు, అనుకుంది. బండి కదిలింది. అంకమ్మ బండి వెనకే నడుస్తా, ఎద్దుల్నీ మొగుణ్ణీ కోడల్నీ వరసపెట్టి తిడతా వాగు దాకా వచ్చింది. అంతసేపూ పిల్లోడు తల్లి ఒళ్ళో సుఖంగా నిద్రపోయాడంట. బండి వాగు దాటింది, అంకమ్మ ఇవతలే ఆగిపోయింది. అప్పుడు కళ్ళు తెరిచాడు. తెరిచినోడు మళ్ళా ముయ్యలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి, నాంచారి పెట్టుకోలేదు.

పెళ్ళింటికి చేరారు. పందిరి, చుట్టాలు, పిండివంటలు, అన్నీ ఉన్నాయి, పిల్లోడికి నిద్ర లేదు. అదే తాడు, అదే చీర, అదే బొంత. ఊపితే నవ్వుతాడు, ఆపితే ఏడుస్తాడు. నాంచారి తల్లి జోల పాడింది. ఆమె గొంతు ఆ చుట్టుపక్కల పేరున్న గొంతు, భజనకి పిలిస్తే వెళ్ళే గొంతు. వాడు సంతలో కొత్త ఎద్దుని చూసినట్టు ఆమెని కన్నార్పకుండా చూశాడు. నాంచారి మేనత్త దిష్టి తీసింది. పక్కింటామె వసకొమ్ము అరగదీసి నాకించింది. ఇంకొకామె, పిల్లలే లేరు ఆమెకి, అందుకే సలహా అందరికంటే పొడుగు, చప్పుడు అవుతుంటే చంటోడు ఎట్టా పడుకుంటాడు, మీకు బుద్ధుందా అని ఇంట్లో అందర్నీ నోరు మూయించింది. రోకలి ఆగిపోయింది, పిల్లల్ని పందిట్లోంచి తరిమేశారు, పెళ్ళికూతురు గాజులు తీసి పక్కన పెట్టింది. ఇల్లంతా చచ్చినోళ్ళ ఇల్లులా నిశ్శబ్దం. పిల్లోడు ఇంకా గట్టిగా అందుకున్నాడు.

రెండు రోజులు అట్టా గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం బువ్వ తిన్నాక చెంచయ్య కోడల్ని పిలిచాడంట. "అమ్మాయ్, పొద్దున్నే బండి కడతాను. బిడ్డ మొహం పీక్కుపోయింది. నాకు అబద్ధం చెప్పడం రాదు, మీ అత్తకి పట్టుకోడం వచ్చు" అన్నాడు. పెళ్ళేమో ఎల్లుండి. చెల్లెలు ఆ మాట విని నాంచారి కొంగు పట్టుకుంది, వదల్లేదు. నాంచారి ఏడవలేదు. ఏడిస్తే పిల్లోడు తోడవుతాడు. తలెత్తి మామ మొహం చూసింది, మూడేళ్ళలో అదే మొదటిసారి. చూస్తే ఆయన కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "మామా, నీ కళ్ళేంది అట్టా ఉన్నాయి?" అంది. నాకూ నిద్ర లేదమ్మా అన్నాడాయన, ఏం ఊరమ్మా ఇది, చెవుల్లో దూది కుక్కినట్టుంది, "మీ అమ్మ ఎంతసేపూ 'అన్నయ్యగారూ, ఇంకొంచెం వడ్డించనా' అంటదే గాని ఒక్క మాట అనదు. నలభై ఏళ్ళు మీ అత్త తిట్లు వింటా కళ్ళు మూసినోణ్ణి. ఇక్కడ కళ్ళు మూస్తే భయమేస్తంది."

నాంచారి మామని చూసింది, పిల్లోణ్ణి చూసింది. ఇద్దరి కళ్ళూ ఒకటే రంగు. వాగు గట్టున ఆగిపోయిన అంకమ్మ అప్పుడు గుర్తొచ్చింది. "మామా, నిన్ను తిట్టొచ్చా?" అని అడిగిందంట.

నవ్వమాకండే. నిలబడి మామకి మొహం చూపించడమే తప్పయిన రోజులు అవి. చెంచయ్య అటూ ఇటూ చూసి, ఉయ్యాల కింద తుండు పరుచుకుని పడుకుని, "కానియ్యమ్మా" అన్నాడు. నాంచారి గొంతు సవరించుకుని, "మామా, నువ్వు కోడిపెట్టని గంప కింద ముయ్యలేదు" అంది. పిల్లోడు గుక్కపెట్టాడు. చెంచయ్య లేచి కూర్చుని, "అది తిట్టు కాదమ్మా, అర్జీ. మీ అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుంటది, ముందు అది పెట్టు. వరస తప్పమాక. కోడిపెట్ట, తర్వాత మజ్జిగ చట్టి, ఆ తర్వాత మా అక్క, ఆఖర్న పెళ్ళినాటి కుంటెద్దు. మా అక్క కాడ ఒక గిన్నె విసురుద్ది, అది మర్చిపోమాక" అని చెప్పి మళ్ళా పడుకున్నాడు.

నాంచారి నడుం మీద చెయ్యి పెట్టింది. "ఏమయ్యో పెద్దమనిషీ, నీ జిమ్మడ, కోడిపెట్టని గంప కింద ముయ్యమంటే నీ కళ్ళు కాకులెత్తుకెళ్ళాయా? పిల్లి నీకు చుట్టమా, మొహమాటపడ్డానికి? మజ్జిగ చట్టి మీద మూత పెట్టు అని చిలక్కి చెప్పినట్టు చెప్తే, చిలకన్నా తిరిగి చెప్పేది, నువ్వు దానికీ కొరగావు. మీ అక్కొస్తే మాత్రం ఎక్కళ్ళేని చురుకు, ఆ మహాతల్లి వచ్చిందంటే మా నెయ్యి గిన్నె నాకకుండా పోద్దా" అని ఇత్తడి గిన్నె తీసి విసిరింది. ఠంగుమంది. పిల్లోడు రెప్ప వాల్చాడు. నాంచారికి ఊపొచ్చింది, అనుకో. మూడేళ్ళుగా లోపల నిలవ చేసింది కూడా కలిపింది. ముహూర్తానికి కుంటెద్దు బండిలో వచ్చి, సగం భోజనాలయ్యాక దిగిన మొగోడివి నువ్వు, అనేసరికి ఉయ్యాల కదలడం లేదు, కింద ముసలాయన గుర్రు పెడతన్నాడు.

వాకిట్లో పెళ్ళింటోళ్ళంతా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. తల్లి లెంపలేసుకుంది, ఇట్టా పెంచానా నిన్ను, మామగారిని పట్టుకుని, అంటా లోపలికి రాబోయింది. చెంచయ్య కళ్ళు తెరవకుండానే "అడ్డుపడమాక చెల్లెమ్మా, ఇప్పుడే కునుకు పడతంది" అన్నాడంట. పొద్దున బండి కట్టలేదు. ఎవరు కడతారు, తోలేవాడు ఎండెక్కిందాకా పడుకున్నాడు.

అయితే పెళ్ళికి అరివేణి కుండలు తెచ్చిన కుమ్మరాయన అంతా కళ్ళారా చూసిపోయాడు. ఆయన వెళ్ళే దారిలోదే అంకమ్మ ఊరు. "మీ కోడలు మీ ఆయన్ని దుమ్ము దులుపుతందమ్మా" అని చెప్పాడు, తన బాధ్యతగా. ఆ మాటకి అంకమ్మ జుట్టు ముడేసుకుని, కర్ర పట్టుకుని బయలుదేరింది. దాని జుట్టు పట్టుకుని బండెక్కిస్తా, మళ్ళా పుట్టిల్లు చూస్తే నా పేరు అంకమ్మ కాదు, అనుకుంటా ఎండలో నడిచింది. ఇంకో సంగతి ఏందంటే, ఆమెకీ నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదు. ఇంట్లో తిట్టడానికి మనిషేడి? కొడుకు మిరపచేలోనే ఉంటన్నాడు. తలుపుని తిట్టింది, గుంజని తిట్టింది, అవి బెదరవు, కడుపు నిండదు.

పెళ్ళి రేపనగా మధ్యాహ్నం వచ్చి వాకిట్లో నిలబడింది. లోపల కోడిపెట్ట అయిపోయి మజ్జిగ చట్టి నడుస్తంది. అంకమ్మ నోరు తెరిచింది. తెరిచింది గాని మాట రాలేదు, తన మాటలన్నీ లోపల ఇంకొకత్తె అంటా ఉంది కదా. తన తిట్లు తాను బయటినుంచి ఎప్పుడూ వినలేదు పాపం. కాసేపు నిలబడి వింది. ఆడబిడ్డ మాటొచ్చేసరికి "అద్ది, అట్టా అడుగు" అని తలూపింది. గిన్నె ఠంగుమనేసరికి గడపమీద కూర్చుంది. కుంటెద్దు దగ్గరకొచ్చేసరికి తల తలుపుకి ఆన్చింది.

నాంచారి తిట్టడం ముగించి వెనక్కి తిరిగింది. ఉయ్యాల్లో పిల్లోడు, కింద మామ, గడపమీద అత్త, చేతిలో కర్ర అట్టాగే పట్టుకుని, నోరు తెరుచుకుని నిద్ర. ఇప్పుడు ఆపితే అత్త లేస్తదేమోనని నాంచారి మళ్ళా కోడిపెట్ట దగ్గర మొదలుపెట్టిందంట.

దీపాలవేళకి అంకమ్మ లేచింది. పిల్లోడి మొహం తడిమి చూసింది, బుగ్గలు నిండుగానే ఉన్నాయి. కోడలు గోడకంటుకుపోయి నిలబడింది. "కుంటిదే కాదు, గుడ్డెద్దు కూడానే అది. ఒక కన్ను లేదు. అది వదిలేశావ్" అంది అంకమ్మ. అని, మొహం కడుక్కుని, రేపటి పెళ్ళికి కూరలు ఎవరు తరుగుతున్నారు, ఇంత మొద్దుగానా తరిగేది, అని వంటోళ్ళ మీద పడింది. నాంచారి చెల్లెలి పెళ్ళి చూసి, పదిరోజులు ఉండే అత్తింటికి వెళ్ళింది. ఆ తర్వాత ఏటా పుట్టింటికి వెళ్ళింది.

ఇప్పటికీ ఆ ఇంట్లో ప్రయాణమంటే బొంతలూ తాళ్ళూ ఎవరూ వెతకరంట. చంటిబిడ్డతో నోరున్నోళ్ళు ఎవరు పోతన్నారు అని అడుగుతారు, అంతే. జోలలు పాడేవాళ్ళు పాడుకోండి, నేను వద్దనను. నేను ఏడుగుర్ని కన్నాను, పాటకి ఒక్కడు పడుకోలేదు. ఇదిగో, ఆ మూల చూడండి, ఇందాక కథలో ఠంగుమన్న కాడ నేనూ గిన్నె విసిరాను కదా, అప్పట్నుంచి నా మొగుడు గుర్రు పెడతానే ఉన్నాడు. లేపమాకండి, లేస్తే మళ్ళా మొదట్నుంచి చెప్పాల.