కిందికి దిగొచ్చిన మేఘం

నా పుట్టినరోజున, మా వైపు ఆచారం ప్రకారం, ఇంట్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేస్తాం. వచ్చినవాళ్ళు నాకే కాదు, మా ఆయనకీ మా అన్నయ్యకీ కూడా శుభాకాంక్షలు చెప్పి కూర్చుంటారు. కాఫీతో తలా ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తాను. రెండోది రెండో కాఫీకే. ఈలోపు మా అన్నయ్య రింక్ కోతలు మొదలవుతాయి.

అన్నయ్యకి మెడ బిగుసుకుపోయి ఏళ్ళయింది. గడ్డం ఛాతీకి ఆనుకునే ఉంటుంది, ఎవరితో మాట్లాడినా తన కాఫీ కప్పుతోనే మాట్లాడుతున్నట్టుంటాడు. ఈసారి చంకలో కాగితం చుట్టిన పటం ఒకటి పెట్టుకొచ్చాడు. సోఫా పైన పాత గడియారం తీసేశాక మేకు ఖాళీగా ఉంది. దానికి తను తీసిన మేఘం ఫోటో ఏదో ఒకటి వేలాడాలని ఆర్నెల్లుగా నా ప్రాణం తీస్తున్నాడు.

"కోతలు వద్దు. నిజంగా నువ్వు తీసిన ఆకాశమైతేనే పెడతాను," అని ముందే చెప్పాను.

"కోతలా? విను చెల్లీ! మొన్న పొద్దున గడ్డి మీద ఒక నీడ పడింది. మీరంతా మేఘాన్ని చూసి నీడ పడుతుందనుకుంటారు, నేను నీడని చూసే మేఘం జాతకం చెప్పేస్తాను. తెరచాపలన్నీ విప్పిన ఓడ నీడ అది! కర్ర పట్టుకుని వెంటపడ్డాను. అది సముద్రపు కట్ట ఎక్కింది, నేనూ ఎక్కాను. గొర్రెలు మేత మానేసి నిలబడిపోయాయి. మూడు ఊళ్ళలో మిట్టమధ్యాహ్నం దీపాలు వెలిగించుకున్నారు తెలుసా?"

"మా ఇంట్లో వెలిగించలేదే," అన్నాడు మా ఆయన డౌవె.

"నువ్వు నిద్రపోతున్నావు బావా! ఆ తర్వాత ఏమైందో వినండి..."

"ముందు ఇది చెప్పు. ఆ మెడతో పైకెలా చూశావు? వెల్లకిలా పడుకున్నావా? పడుకుంటే నిన్ను లేపడానికి ఇద్దరం రావాలి కదా!" అన్నాడు డౌవె.

అన్నయ్య కాఫీ ఒక గుక్క తాగాడు.

"నేను పైకి చూడలేదు బావా. మేఘమే కిందికొచ్చింది."

అందరూ నవ్వారు. పక్కింటి హిల్లి అత్త మాత్రం బిస్కెట్ డబ్బా వైపు చూస్తోంది.

"నవ్వండి, నవ్వండి! 'కాస్త ఆగమ్మా, ఫోటో తీసుకుంటాను' అన్నాను. ఊపిరి బిగబట్టి నిలబడింది పాపం. దానితో గాలంతా ఆగిపోయింది, సముద్రం మీద పడవలన్నీ ఎక్కడివక్కడే! 'కొంచెం ఎడమకి జరుగు' అంటే జరిగింది. ఫోటో చూపిస్తే సిగ్గుపడి అంచులన్నీ బంగారమైపోయాయి. 'లోపలికి రా' అంది. వెళ్ళాను."

"చెప్పులు విప్పావా?" అన్నాను.

"విప్పకుండా వెళ్తానా? లోపల కాచిన పాల వాసన. సముద్రపు కొంగలు వరసగా నిద్రపోతున్నాయి. ఇంకా పుట్టని వాన చినుకులు గాలిలో వేలాడుతున్నాయి, చేత్తో పక్కకి తప్పించుకుంటూ నడవాలి. ఆ చివర ఒక తాడు కట్టి ఉంది చెల్లీ. దానిమీద అమ్మ దుప్పట్లు! ఆ పెద్ద తుఫానుకి తాడుతో సహా ఎగిరిపోయాయే, నీలం గీతలవి! ఇన్నాళ్ళూ అక్కడే ఆరుతున్నాయి. ఇంకా తడిగానే ఉన్నాయి."

అది అబద్ధమని నాకు తెలుసు. అయినా కుర్చీ ముందుకి జరుపుకున్నాను. చిన్నప్పుడు తాడు మీద ఆరేసిన ఆ దుప్పట్ల కింద పడుకుని మేఘాలకి పేర్లు పెట్టేవాళ్ళం, ఎక్కువ పేర్లు అన్నయ్యవే.

"తీసుకుందామనుకున్నాను. 'సముద్రం అవతల డెన్మార్క్ వాళ్ళు ఎదురుచూస్తున్నారు, నేను వెళ్ళాలి' అంది మేఘం. నన్ను గొర్రెల మధ్య మెల్లగా దించేసి వెళ్ళిపోయింది. ఇదిగో!"

కాగితం విప్పాడు. నీలంలో ఓడంత తెల్లటి మేఘం, అంచుల వెంట బంగారం. డౌవె కూడా "ఒప్పుకోవాల్సిందే" అన్నాడు. నేను మేకు వైపు చూశాను.

హిల్లి అత్త కళ్ళజోడు పెట్టుకుని పటం మీదికి వంగింది.

"అన్నీ బాగున్నాయి రింక్, మీ మేఘంలో ఈ బాతేమిటి, తలకిందులుగా ఈదుతోంది?"

పటం తీసుకుని తిప్పింది. బాతు నిటారుగా అయింది. దాని చుట్టూ అలలు, పై అంచున గట్టు మీది గడ్డి.

"ఇది మీ పెరటి కాలువ కదయ్యా! నీళ్ళలో కనబడే మేఘం!"

గది గొల్లుమంది. డౌవె నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకున్నాడు. అన్నయ్య మాత్రం తన కప్పులోకే చూస్తున్నాడు.

"చెప్పానుగా," అన్నాడు చివరికి, చాలా మెల్లగా. "మేఘమే కిందికొచ్చిందని."

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. తన పెరట్లో కాలువ గట్టున అన్నయ్య రోజంతా ఎందుకు కూర్చుంటాడో అప్పటిదాకా నేను అడగనేలేదు. సిగ్గేసింది.

సుత్తి తెచ్చాను. సోఫా పైనున్న మేకు పీకేసి, అన్నయ్య కుర్చీకి ఎదురుగోడ మీద, మోకాలెత్తున కొట్టాను. మేఘం పైకొచ్చేలా, బాతు తలకిందులయ్యేలా పటం తగిలించాను. అన్నయ్య కప్పు మీంచి చూపు కొంచెం జరిపాడు. అంతే, కనబడింది.

"అంత కిందా? మాకెలా కనిపిస్తుంది?" అన్నాడు డౌవె.

"వంగి చూడు," అన్నాను.

వంగాడు. హిల్లి అత్త కూడా నడుం పట్టుకుని వంగింది. ఒక్కొక్కరే కుర్చీల్లోంచి లేచి వచ్చి, గడ్డం ఛాతీకి ఆనించి, మా అన్నయ్య ఆకాశాన్ని చూశారు.

నేను బిస్కెట్ డబ్బా మూత తీసి రెండో బిస్కెట్టు ముందు అన్నయ్యకే ఇచ్చాను, రెండో కాఫీ ఇంకా పొయ్యి మీదే ఉంది.