ఏ బిడ్డ పాఠం ఆ బిడ్డదే

పెద్దలారా, చుట్టాలారా, ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో మా మరదలితో కలిసి పనిచేసినవారలారా! పనులు మానుకుని ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మా తమ్ముడి తరఫున, తల్లిని పోగొట్టుకున్న ఆ ఇద్దరు పిల్లల తరఫున మీకందరికీ నమస్కారం.

నేను ఆమెకు ఆడపడుచుని. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా, ఆ అధికారంతోనే మాట్లాడుతున్నాను. ఇందాకటి నుంచి వింటున్నాను. ఓర్పుకు మారుపేరు అన్నారు. నోట్లో నాలుక లేని మనిషి అన్నారు. అయ్యా, ఎవరి గురించి మీరు చెబుతున్నది? మా మరదలికి నోరుంది. కోపముంది. అది ఎవరి మీద చూపాలో కూడా తెలుసు.

మా మేనల్లుణ్ణి ఇంట్లో బొంగరం అంటాం. నడుస్తుంటే వాడి బుర్ర పనిచేస్తుంది, కూర్చోబెడితే ఆగిపోతుంది. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తాయి వాడికి. అలాంటి పిల్లాణ్ణి బడిలో ఏం చేశారు? వరండాలో గోడవైపు తిప్పి నిలబెట్టారు. ఒక రోజా, రెండు రోజులా? వాడి తల్లి వెళ్ళి అడిగితే, "వీడి బుర్రకు ఏదీ ఎక్కదమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు. ఆయన ఇక్కడే ఉన్నారు, మూడో వరసలో. ఆమె ఏమందో గుర్తుందా సార్? "ఎక్స్‌రేలో రోజూ పుర్రెలు చూసేదాన్ని నేను. ఏది ఎక్కుతుందో ఏది ఎక్కదో నాకే కనిపించదు, మీకెలా కనిపించింది సార్?" అంది. కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. తమ్ముడు లేని బడికి నేనూ పోనని వాడి అక్క కూడా మానేసింది.

మా మరదలు ఇంట్లోనే చదువు మొదలుపెట్టింది. మొదట ఘోరంగా దెబ్బతింది, అదీ చెప్పాలి. బల్ల వేసింది, గంట కట్టింది, అవే పుస్తకాలు, అదే వరస. బొంగరం మంచం కిందికి దూరి బయటికి రానన్నాడు. "వదినా, పిల్లల్ని ఇంటికి తెచ్చుకున్నాననుకున్నాను. నేను తెచ్చింది ఆ బడినే" అని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఏడ్చి ఊరుకుందా? గంట విప్పేసింది. మా తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పిల్లాణ్ణి వెంటబెట్టుకెళ్ళమంది. నేల అంతస్తు సున్నా, దాని కింద సెల్లారు మైనస్ ఒకటి, ఇంకా కిందిది మైనస్ రెండు. పైకీ కిందికీ తిరిగి తిరిగి వాడు లెక్కలు పట్టేశాడు. చరిత్ర ఆమె చదివి వినిపిస్తే, వాడు గది చుట్టూ తిరుగుతూ అప్పజెప్పేవాడు.

అయితే, గంట విప్పిన రోజున అక్క భోరుమంది. దానికి వేళ కావాలి. ఈ పాఠం తర్వాత ఏ పాఠమో ముందే తెలియాలి. మళ్ళీ గంట కట్టింది, దాని గదిలో మాత్రం. "ఒక కడుపున పుట్టినవాళ్ళకే ఒకరి చెప్పులు ఒకరికి పట్టవు వదినా, ఒకే పాఠం ఎలా పడుతుంది?" అనేది. పనికిరాని పాఠాన్ని తాను రాత్రంతా తయారుచేసుకున్నదైనా సరే, పక్కన పారేసేది. దీన్ని మా బాబాయి "పిల్లలతో ప్రయోగాలు" అన్నాడు. బాబాయ్, నీ చొక్కా నీ కొలతకు కుట్టారా, పక్కింటాయన కొలతకు కుట్టారా?

పరీక్షలవేళ విద్యాశాఖ కార్యాలయంవారు మొండికేశారు. పిల్లాడు చదివి రాస్తేనే పరీక్ష, నోటితో చెబితే చెల్లదన్నారు. ఆమె డ్యూటీ దిగి నేరుగా వెళ్ళి అక్కడి బల్ల మీద కూర్చునేది. మర్నాడూ వెళ్ళేది. చివరికి ఆ అధికారితో, "మీ కళ్ళజోడు తీసి ఈ కాగితం చదవండి సార్. చదవలేకపోతే మీకు చదువు రానట్టేనా?" అంది. తర్వాత ప్రశ్నలు చదివి వినిపించడానికి ఒక మనిషిని ఇచ్చారు. బొంగరం గది చుట్టూ తిరుగుతూ జవాబులన్నీ చెప్పాడు. ప్యాసయ్యాడు.

ఇక అసలు మాట. ఆమె తలలో ఒక రక్తనాళం పుట్టుకతోనే పలచగా ఉంది. అది చిట్లి, డ్యూటీలో ఉండగానే ఆమె పోయింది. డాక్టరుగారు మాకందరికీ విడమరచి చెప్పారు. అయినా నిన్న మా వంటింట్లో ఎవరో, "ఆ మొద్దు పిల్లాడి చదువు పట్టుకునే అరిగిపోయింది" అన్నారు. తలుపు చాటున పిల్లాడు విన్నాడు. నా దగ్గరికొచ్చి ఏమడిగాడో తెలుసా? "అత్తా, నేను బడిలో బుద్ధిగా కూర్చునుంటే అమ్మ బతికేదా?"

విన్నారా? ఏం జవాబు చెప్పమంటారు? చెప్పండి! కన్నీళ్ళు తుడుచుకోవడం కాదు, జవాబు చెప్పండి! తొమ్మిదేళ్ళు నిండని పిల్లాడి నెత్తిన తల్లి చావు పెట్టడానికి మీకు నోరెలా వచ్చింది?

వాడికి నేను చెప్పాను: "లేదు నాన్నా. నీ వల్ల కాదు. నీకు పాఠం చెబుతున్నప్పుడే మీ అమ్మ అన్నిటికన్నా సంతోషంగా ఉండేది." అది ఓదార్పు కాదు, నేను కళ్ళారా చూసిన నిజం.

ఇవాళ పొద్దున పిల్లలిద్దర్నీ మళ్ళీ అదే బడిలో వేద్దామని పెద్దలు తీర్మానించారట. హెడ్మాస్టరుగారు పెద్దమనసుతో సీట్లు ఉంచారట. అక్కర్లేదు సార్. మా తమ్ముడు నోరు విప్పి వద్దన్నాడు. వాడు రాత్రి షిఫ్టుకు మారుతున్నాడు. మధ్యాహ్నాలు నేను వస్తాను. ఆమె చెప్పినంత బాగా చెప్పలేం. తప్పులు చేస్తాం. పిల్లల్ని చూసి దిద్దుకుంటాం. మీరు సాయం చేస్తే సంతోషం, చేయకపోతే మానె, ఆ వంటింటి మాటలు మాత్రం మా గడప తొక్కకూడదు.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. ఆమె కోసం రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. మా బొంగరం మాత్రం నిలబడలేడు, ఈ వరసల మధ్య నడుస్తాడు. తల్లిని తలుచుకోవడానికి వాడికి తెలిసిన దారి అదే. మీ పక్కనుంచి వెళ్ళినప్పుడు వాడి చెయ్యి పట్టుకుని ఆపకండి. కొంచెం జరిగి, దారివ్వండి.